మెట్ల కింద కుక్క పిల్లలు పెట్టింది: మొదటి రోజు నుంచి ఎనిమిది వారాల దాకా ఏం చూడాలి, ఏం చేయాలి

ప్రతి డిసెంబరులోనూ ఇవే ప్రశ్నలు. "అపార్ట్‌మెంట్ మెట్ల కింద కుక్క ఐదు పిల్లల్ని పెట్టింది, ఆవుపాలు పట్టొచ్చా?" "పది రోజులైంది, ఇంకా కళ్లు తెరవలేదు, గుడ్డివా?" "ఒకటి పొద్దుట్నుంచి ఏడుస్తూనే ఉంది." ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి అలసిపోయాను కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను.

డిసెంబరులోనే ఎందుకంటే లెక్క తేలికే. కుక్కలు జతకట్టే కాలం ఏదంటే మనవాళ్లు చిత్తకార్తె అంటారు, అంటే అక్టోబరు నడిమి రెండు వారాలు. కుక్క చూలు దాదాపు 63 రోజులు. లెక్కేస్తే సరిగ్గా ధనుర్మాసం చలిలో కూనలు నేలమీద పడతాయి. మన దగ్గర తొలివారంలో వీధికూనలు పోవడానికి చలి పెద్ద కారణం. అందుకే ఇందులో తిండి కన్నా ముందు వెచ్చదనం గురించే ఎక్కువ చెబుతాను.

ఇంకో మాట. పని చేసేది తల్లే. మన వంతు చోటు చూపించడం, తల్లికి తిండి పెట్టడం, రోజూ తూచి రాసుకోవడం, తేడా కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి పరిగెత్తడం. అంతకు మించి చేతులు పెడితే చాలాసార్లు చెడగొడతాం.

1. ముందే తెచ్చి పెట్టుకోవాల్సినవి

- తల్లి కాళ్లు చాపుకుని పడుకోగలిగేంత పెద్ద అట్టపెట్టె. ఫ్రిజ్ లేదా వాషింగ్ మెషిన్ పెట్టె అయితే బాగుంటుంది. ఒక పక్క జానెడు ఎత్తు మాత్రమే ఉంచి కోయండి. తల్లి దాటాలి, కూనలు దాటకూడదు.
- కింద వేయడానికి గోనెసంచులు లేదా చెక్కపలక, పైన పాత నైటీలు, దుప్పటి ముక్కలు
- గ్రాములు చూపించే వంటింటి ఎలక్ట్రానిక్ కాటా, ఒక ప్లాస్టిక్ డబ్బా
- ఒక నోట్‌బుక్, పెన్ను
- దూది, పొవిడోన్ అయోడిన్, కుట్టుదారం, శుభ్రమైన కత్తెర
- డిజిటల్ థర్మామీటర్. ఇంట్లోవాళ్లది కాదు, దీనికి వేరేది కొనండి.
- రాత్రిపూట ఫోనెత్తే వెటర్నరీ డాక్టర్ నంబరు. పైవన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు.

పక్కబట్టల విషయంలో రెండు జాగ్రత్తలు. టర్కీ టవల్ వద్దు, దాని పోగుల్లో కూన గోళ్లు ఇరుక్కుంటాయి. ఒట్టి న్యూస్‌పేపర్ మీదే రోజుల తరబడి ఉంచొద్దు, జారి జారి కాళ్లు పక్కలకు పరుచుకుపోయి కప్పలా పాకే కూనలు తయారవుతాయి. బట్టను బిగుతుగా పరిచి అంచులు కిందికి మడవండి, వదులుగా ఉంటే దాని మడతల్లో కూన చిక్కుకుని, తల్లి దానిమీద పడుకుంటే ఊపిరాడదు.

2. పుట్టిన రోజు

తల్లి నేల గీకడం, తిండి మానేయడం, రొప్పడం మొదలుపెడితే దగ్గర పడ్డట్టే. అంతకుముందు 24 గంటల్లో ఒంటివేడి 99 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా కిందికి దిగుతుంది. వీధికుక్క అయితే థర్మామీటర్ పెట్టనివ్వదు, ప్రయత్నించకండి.

కూనకీ కూనకీ మధ్య అరగంట నుంచి గంట పట్టడం మామూలే. తల్లి పొరను చింపుతుంది, బొడ్డు కొరుకుతుంది, మావి తినేస్తుంది. మావి తినడం చూసి కంగారు పడకండి, మర్నాడు నల్లగా పలచగా విరేచనం అవుతుంది, అదీ మామూలే.

వెంటనే డాక్టర్ కావాల్సిన సందర్భాలు:

- అరగంట పాటు గట్టిగా ముక్కుతున్నా కూన రాకపోవడం
- లోపల ఇంకా పిల్లలున్నా రెండు గంటలు దాటినా ఇంకోటి పుట్టకపోవడం
- మొదటి కూన పుట్టకముందే ఆకుపచ్చ ద్రవం కారడం

తల్లి పొర చింపకపోతే మీరే ముక్కు దగ్గర చింపి, నోరు తుడిచి, పొడిబట్టతో గట్టిగా రుద్దండి. కూనను తలకిందులుగా పట్టుకుని విసరడం పాత పద్ధతి, మెదడుకు దెబ్బ తగులుతుంది, చేయొద్దు. బొడ్డు నుంచి రక్తం కారుతుంటే దారంతో కట్టి, చివరను అయోడిన్‌లో ముంచండి. రెండు మూడు రోజుల్లో ఎండి రాలిపోతుంది.

అన్నీ పుట్టాక ఒక్కోదాన్నీ పట్టుకుని నోరు తెరిచి అంగిలి చూడండి. చీలిక ఉంటే పాలు ముక్కులోంచి వస్తాయి. తర్వాత ముర్రుపాలు. మొదటి 12 నుంచి 24 గంటల్లో తాగిన ముర్రుపాలతోనే రోగాలను ఆపే శక్తి కూనకు వస్తుంది, ఆ తర్వాత పేగు దాన్ని పీల్చుకోలేదు. చన్ను అందుకోలేని కూన ఉంటే మీరే నోట్లో పెట్టి పట్టుకోండి.

మనిషి వాసన తగిలితే తల్లి వదిలేస్తుందనే మాట మీ దాకా కూడా వచ్చే ఉంటుంది. వాసనకు వదిలేయదు. కానీ వీధిలో పిల్లలందరూ గుంపుగా వచ్చి సెల్ఫీలు దిగుతుంటే మాత్రం రాత్రికి రాత్రి నోట కరుచుకుని ఎక్కడికో మార్చేస్తుంది. తల్లిని ఒక చేత్తో తిండి చూపించి అలవాటు చేసుకుని, రోజూ ఒకే మనిషి, ఒకే వేళకు వెళ్లండి.

3. రోజూ తూకం, ఇది మాత్రం మానొద్దు

కంటికి అన్నీ బొద్దుగానే కనిపిస్తాయి. తేడా ముందు చెప్పేది కాటా.

కాటా మీద డబ్బా పెట్టి సున్నా చేసి, అందులో పలచని బట్ట వేసి, కూనను ఉంచండి. మొదటి రెండు వారాలు రోజూ ఒకే వేళకు, తర్వాత రెండు రోజులకోసారి. గుర్తుకు మెడలో దారాలు కట్టొద్దు, కూన అంత త్వరగా పెరుగుతుంటే దారం బిగుసుకుపోతుంది. నేను నోట్‌బుక్‌లో ఒక్కోదానికీ బొమ్మ గీసి మచ్చలు దిద్దుకుంటాను: తెల్లతోక, చుక్కనుదురు, ఒంటికాలి సాక్స్.

మొదటి రోజు కాస్త తగ్గడం మామూలే, పదోవంతు లోపు. రెండో రోజు నుంచి ప్రతిరోజూ పెరగాలి. ఏడు నుంచి పది రోజుల్లో పుట్టిన బరువుకు రెట్టింపు కావాలి.

మొన్నటి ఈతలో నా పుస్తకంలో ఉన్నది ఇది. తెల్లతోక: 290, 284, 306, 335, 362. నిక్షేపం. చిన్నముక్కు: 236, 228, 227, 224. చూడటానికి రెండూ ఒకేలా పాలు తాగుతున్నాయి. దగ్గర కూర్చుని పావుగంట చూస్తే విషయం తెలిసింది, చిన్నముక్కు చన్ను పట్టుకోవడం, పెద్దవి నెట్టేయడం, ఇది మళ్లీ వెతుక్కోవడం, వెతుకులాటలోనే నిద్రపోవడం. వెనక కాళ్ల దగ్గరి చన్నుల్లో పాలు ఎక్కువ ఉంటాయి. పూటకోసారి మిగతా వాటిని పక్కకు తీసి దీన్ని అక్కడ పెట్టి పది నిమిషాలు పట్టుకున్నాను. ఐదో రోజు 231, ఆరో రోజు 249.

వరుసగా రెండు రోజులు బరువు పెరగకపోతే ఏదో ఒకటి చేయాలి. తగ్గుతుంటే ఆ రోజే డాక్టర్.

4. చలి

మొదటి రెండు వారాలు కూన తన ఒంటివేడిని తాను నిలుపుకోలేదు, చలికి వణకడం కూడా దానికి చేతకాదు. మొదటి వారం పెట్టెలో ఒక మూల 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తర్వాత మెల్లగా తగ్గించుకోవచ్చు. పెట్టె మొత్తం వేడి చేయొద్దు. ఒక మూలే వెచ్చగా ఉంటే, వేడెక్కువైన కూన పక్కకు పాకుతుంది.

మూడు పద్ధతులు, నాకు నచ్చిన వరుసలో:

- వేడినీళ్ల బాటిల్, మందపాటి బట్టలో చుట్టి. మూడు గంటలకోసారి మార్చాలి, తెల్లవారుజామున నాలుగింటికి ఖాయంగా. చల్లారిన బాటిల్ తిరిగి కూన వేడినే లాగేస్తుంది.
- పాతకాలం 60 వాట్ల గుండ్రటి బల్బు, తల్లి లేచి నిలబడినా తగలనంత ఎత్తులో. ఎల్‌ఈడీ బల్బు పెట్టి వెచ్చగా ఉంటుందనుకున్నవాళ్లు నాకు ముగ్గురు తెలుసు, దాంతో వెలుగే తప్ప వేడి రాదు.
- హీటింగ్ ప్యాడ్, తక్కువ వేడిలో, బట్ట కింద, పెట్టెలో సగం మేరకే.

సరిపోయిందో లేదో కూనలే చెబుతాయి. ఒకదాని పక్కన ఒకటి వదులుగా పడుకుని నిద్రలో ఉలిక్కిపడుతూ ఉంటే బాగున్నట్టు. ఆ ఉలికిపాటు ఫిట్స్ కాదు, నరాలు, కండరాలు తయారవుతున్న గుర్తు. గుట్టగా ఒకదానిమీద ఒకటి ఎక్కి ఏడుస్తుంటే చలి. దూరదూరంగా పడుకుని రొప్పుతుంటే ఉక్క. ఒకటి మాత్రం విడిగా, చప్పుడు లేకుండా, ముట్టుకుంటే చల్లగా ఉంటే అది ప్రమాదం.

చల్లబడ్డ కూనకు పాలు పట్టొద్దు. చాలామంది చేసే అతి పెద్ద తప్పు ఇదే. ఒళ్లు చల్లబడితే పేగు పనిచేయదు, తాగించిన పాలు లోపలే పులిసిపోతాయి, లేదా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు చొక్కా లోపల, మీ ఒంటికి ఆనించి, గంటో రెండు గంటలో నిదానంగా వేడెక్కించండి. వేడినీళ్లలో ముంచడం, హెయిర్ డ్రయ్యర్ పెట్టడం వద్దు. కదిలి, నోరు వెతుక్కోవడం మొదలుపెట్టాకే పాలు. ఈలోపు డాక్టర్‌కు ఫోన్.

5. తల్లి లేకపోతే, లేదా పాలు చాలకపోతే

మా వాచ్‌మన్ అన్న ప్రతిసారీ అడుగుతాడు. "పాపం ఏడుస్తున్నాయమ్మా, పావు లీటరు పాలు కాచి పట్టేద్దామా?" వద్దన్నా. ఆవుపాలలో కుక్కపాలకన్నా కొవ్వు, మాంసకృత్తులు బాగా తక్కువ, లాక్టోజ్ ఎక్కువ. కడుపు నిండినట్టుంటుంది, విరేచనాలు పట్టుకుంటాయి, బరువు పెరగదు. పెట్ షాపుల్లో కుక్కపిల్లల పాలపొడి దొరుకుతుంది, డబ్బా మీద రాసిన కొలత ప్రకారం కలపండి. చిక్కగా కలిపితే బలం అనుకోవద్దు.

పట్టే వరుస:

1. పాలు గోరువెచ్చగా, మణికట్టు మీద చుక్క వేసి చూడండి.
2. కూన బోర్లా, పొట్ట కిందికి, తల కొద్దిగా పైకి. పసిపాపలా వెల్లకిలా పడుకోబెట్టి పట్టొద్దు, పాలు ఊపిరితిత్తుల్లోకి వెళతాయి.
3. సూది తీసేసిన సిరంజి అయితే చుక్క చుక్కగా, అది చప్పరించే వేగంలో. మీరు తోసిన వేగంలో కాదు.
4. ముక్కులోంచి పాలు వస్తే ఆపేయండి. రెండోసారి కూడా వస్తే డాక్టర్.
5. మొదటి వారం రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా.
6. పట్టిన తర్వాత గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో పొట్ట కింద, మలద్వారం దగ్గర మెల్లగా తుడవండి. తల్లి నాలుకతో చేసే పని ఇది. ఇది లేకపోతే మూడు వారాల లోపు కూన తనంతట తాను ఉచ్చ పోయలేదు.

ఆరోదాన్ని మరిచిపోయి, పాలన్నీ సరిగ్గానే పట్టి కూడా కూనను పోగొట్టుకున్నవాళ్లున్నారు.

6. తల్లిని మర్చిపోవద్దు

అందరి కళ్లూ పిల్లల మీదే. బాలింత గిన్నె ఖాళీగా ఉంటుంది. మూడు నాలుగు వారాల నాటికి పాలిచ్చే తల్లి మామూలు కన్నా రెండు మూడు రెట్లు తింటుంది. అన్నంలో ఉడికించిన చికెన్, గుడ్డు, కాస్త పెరుగు, రోజుకు మూడు నాలుగు సార్లు. నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర కలపొద్దు, ఉడికిన ఎముకలు వేయొద్దు.

రోజూ చన్నులు చూడండి. ఒకటి ఎర్రగా, గట్టిగా, కాలిపోతున్నట్టు ఉంటే అది వాపు, మందు కావాలి. కింద నుంచి ముదురు ఎరుపు స్రావం కొన్ని వారాల పాటు తగ్గుతూ వస్తుంది. చీములా, కుళ్లు వాసనతో వస్తే మాత్రం డాక్టర్.

ఇంకోటి బాగా గుర్తుంచుకోండి. కాన్పయిన రెండు మూడు వారాలకు, ముఖ్యంగా చిన్న జాతి తల్లికి పిల్లలు ఎక్కువైతే, ఒంట్లో కాల్షియం పడిపోతుంది. మొదట నిలకడ లేకుండా తిరుగుతుంది, రొప్పుతుంది, కాళ్లు బిగుసుకుపోతాయి, వణుకు, తర్వాత ఫిట్స్. గంటల వ్యవధిలో ప్రాణం పోయే పరిస్థితి. పిల్లల్ని వేరు చేసి పరుగున తీసుకెళ్లండి. దీనికి భయపడి చూలుతో ఉన్నప్పుడే కాల్షియం టానిక్ పోయడం ఇంకా చెడ్డది, అప్పుడు ఒళ్లు తన ఎముకల్లోంచి కాల్షియం తీసుకోవడం మానేస్తుంది.

7. రెండో వారం: కళ్లు, గోళ్లు, నట్టలు

కళ్లు 10 నుంచి 14 రోజుల మధ్య తెరుచుకుంటాయి. ముందు లోపలి మూలలో చిన్న చీలిక, మర్నాటికి ఇంకాస్త. లోపల నీలం బూడిద రంగు కనిపిస్తుంది, అది తర్వాత మారుతుంది. వేళ్లతో విప్పొద్దు. మూసిన రెప్ప కింద ఉబ్బి, చీము కనిపిస్తే మాత్రం ఆగకండి. చెవులు ఇంకో నాలుగైదు రోజులకు.

గోళ్లు సూదుల్లా ఉంటాయి, తల్లి పొదుగంతా గీరుకుపోతుంది. మనం వాడే నెయిల్ కట్టర్‌తో చివర తెల్లటి కొక్కెం మాత్రం తీసేయండి, వారానికోసారి.

నట్టల మందు రెండో వారంలోనే మొదలు, తర్వాత 4, 6, 8 వారాలకు. "అప్పుడే పురుగులెక్కడివి?" అంటారు. తల్లి గర్భంలోంచి, పాలలోంచి వస్తాయి. తల్లికీ అదే రోజు వేయాలి. డోసు బరువును బట్టి, డాక్టర్ రాసిచ్చినదే, ఇంట్లో ఉన్న మనుషుల మాత్ర విరిచి వేయొద్దు. మందు పడ్డ మర్నాడు మలంలో ఉడికిన సేమ్యాలాంటివి కదులుతూ కనిపిస్తే భయపడకండి, పని చేసిందని అర్థం. ఆ మలం తీసి పాతిపెట్టి చేతులు సబ్బుతో కడుక్కోండి, ఈ పురుగులు చిన్నపిల్లలకూ హాని చేస్తాయి.

పిడుదులు, గోమార్లు పట్టుకుంటే పెద్దకుక్కలకు వాడే స్ప్రేలు, మెడమీద వేసే చుక్కలు వాడొద్దు. పట్టకారుతో చర్మానికి ఆనించి లాగండి, సన్నపళ్ల దువ్వెనతో దువ్వండి. చిగుళ్లు గులాబీ రంగు పోయి తెల్లబడ్డాయంటే రక్తం తగ్గింది, డాక్టర్ దగ్గరికి.

8. మూడో వారం: సంక్రాంతి నాటికి

క్రిస్మస్ ముందు పుట్టిన కూనలకు సంక్రాంతికి మూడు వారాలు నిండుతాయి. ఇక్కడి నుంచి చూడముచ్చట. లేచి నిలబడి, తూలి, వెనక్కి పడి, మళ్లీ లేస్తాయి. తోక ఊపుతాయి. మొదటిసారి భౌ అని తన గొంతు తనే విని బెదిరిపోయే కూనను చూడటానికి నేను ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లిన రోజులున్నాయి.

ఈ వారం చేయాల్సినవి:

- పెట్టెను పెద్దది చేయండి, ఒక పక్క ఇసుక ట్రే లేదా పేపర్లు. పడుకున్నచోటు వదిలి పక్కకెళ్లి పోసుకోవడం వాటికే వస్తుంది, మనం చోటిస్తే చాలు.
- రోజుకు ఒక్కోదాన్నీ రెండు నిమిషాలు చేతిలోకి తీసుకుని చెవులు, పాదాలు, నోరు తాకండి.
- అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి: కారు, బండి తీసేముందు కింద వంగి చూడమని. పొద్దున్నే చక్రాల పక్కన పడుకుంటాయి.

9. నాలుగో వారం నుంచి తిండి

పాలపళ్లు వస్తున్నాయి, తల్లి లేచి వెళ్లిపోతోంది. అదే సమయం.

కుక్కపిల్లల డ్రై ఫుడ్‌ను వేడినీళ్లలో నానబెట్టి, చల్లారాక జావలా మెదిపి, అంచు తక్కువున్న స్టీలు పళ్లెంలో పలచగా పరవండి. వేలికి రాసి నాకించండి. మొదటి రోజు తినేదాని కన్నా తొక్కేదే ఎక్కువ, మిగిలింది తల్లి నాకేస్తుంది. ఇంటి తిండి అయితే మెత్తగా మెదిపిన అన్నం, మిక్సీ పట్టిన ఉడికిన చికెన్, గుడ్డు, వారానికి ఒకటి రెండుసార్లు కొంచెం చికెన్ లివర్. రోజుకు నాలుగు సార్లు, కొంచెం కొంచెం.

పాలన్నం, గ్లూకోజ్ బిస్కెట్లు మాత్రమే పెట్టి నెలరోజులు గడిపితే పొట్ట బానలా, కాళ్లు వంకరగా తయారవుతాయి. బిస్కెట్ ప్రేమ మనది, ఎముకలు వాటివి.

విరేచనాలు పట్టుకుంటే కొత్త తిండి ఆపి, పాతదానికి వెనక్కి వెళ్లి, రెండు రోజుల తర్వాత తక్కువతో మొదలుపెట్టండి. విరేచనాలతో పాటు కూన డల్‌గా ఉంటే ఇంట్లో ప్రయోగాలు వద్దు. ఏడెనిమిది వారాలకు తల్లిపాలు దాదాపు మానేస్తాయి, అప్పుడు తల్లి తిండి కూడా మెల్లగా తగ్గించండి.

10. ఐదు నుంచి ఎనిమిది వారాలు: లోకం చూపించడం

మూడో వారం నుంచి మూడో నెల దాకా చూసినదాన్ని కుక్క జీవితాంతం మామూలుగా తీసుకుంటుంది. కాబట్టి కుక్కర్ విజిల్, మిక్సీ, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, కర్ర పట్టుకున్న తాత, గచ్చు, గడ్డి, మెట్టు, అన్నీ ఒకటొకటిగా పరిచయం చేయండి. దూరం నుంచి మొదలుపెట్టి, కొంచెం తిండి పెడుతూ. బెదిరితే ఇంకా దూరం వెళ్లండి, ఎత్తి దగ్గరికి తీసుకెళ్లొద్దు.

కరుచుకుని ఆడుకోనివ్వండి. గట్టిగా కొరికితే అవతలిది కేర్‌మంటుంది, ఆట ఆగిపోతుంది, ఎంత గట్టిగా కొరకకూడదో అలాగే నేర్చుకుంటాయి. ఐదో వారానికే తీసుకెళ్లిపోయిన కూనలకు ఈ చదువు ఉండదు, తర్వాత ఇంట్లో చేతులన్నీ గాట్లే.

కూనే కదా అని గీరుకున్న గాటును వదిలేయొద్దు. పంటిగాటు పడి చర్మం చెదిరితే 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, ఆ రోజే ఆసుపత్రికెళ్లి రేబిస్ టీకా సంగతి అడగండి. చిన్నకూనలకూ రేబిస్ వస్తుంది.

స్నానం ఇప్పుడే వద్దు. కంపు కొడితే గోరువెచ్చని తడిబట్టతో తుడిచి వెంటనే ఆరబెట్టండి.

11. టీకాలు, పార్వో

ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు నిండేదాకా. రేబిస్ టీకా మూడు నెలలకు. ఒక్క టీకా వేసి "అయిపోయింది" అనుకోవడం మామూలు తప్పు. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఇంకా ఒంట్లో ఉంటే తొలి టీకా పట్టదు, ఆ రక్షణ ఎప్పుడు పోతుందో ఒక్కో కూనకు ఒక్కోలా ఉంటుంది కాబట్టే మళ్లీ మళ్లీ వేస్తారు.

వాంతులు, నెత్తురు విరేచనం, ముక్కు బద్దలయ్యే వాసన, నీళ్లు కూడా తాగకపోవడం, ఇవి పార్వో, అంటే వైరస్ వల్ల వచ్చే పేగుల జబ్బు, లక్షణాలు. మధ్యాహ్నం కనిపిస్తే సాయంత్రం దాకా ఆగొద్దు. ఆ చోట్లో వైరస్ నెలల తరబడి ఉంటుంది, ఫినాయిల్‌ను నమ్ముకోవద్దు, ముందు శుభ్రంగా కడిగి, బ్లీచ్ కలిపిన నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచండి. బయట కుక్కల్ని ముట్టుకుని వచ్చినవాళ్లు చెప్పులు వదిలి, చేతులు కడుక్కున్నాకే లోపలికి.

12. ఇచ్చేటప్పుడు

ఎనిమిది వారాల లోపు ఇవ్వొద్దు. మన దేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాల లోపు కూనల్ని అమ్మడం నిషేధం కూడా. దత్తతకైనా అదే గీత పెట్టుకోండి.

తీసుకునేవాళ్లకు ఇవ్వాల్సినవి:

- నట్టల మందు, టీకాల తేదీలు, తర్వాతది ఎప్పుడో రాసిన కాగితం
- వారం రోజులకు సరిపడా, ఇప్పుడు తింటున్న తిండే
- తల్లి వాసన ఉన్న బట్టముక్క
- ఇవి ఇచ్చి, ఆరు నెలలు దాటాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తామని వాళ్ల దగ్గర మాట తీసుకోండి

అందరూ "మగది ఉందా" అనే అడుగుతారు. ఆడకూనలకు ఇళ్లు దొరకడం కష్టం, అందుకే నేను ఫొటోలు పెట్టేటప్పుడు ముందు వాటివే పెడతాను, మగదో ఆడదో అడిగాకే చెబుతాను. ఇల్లు చూడకుండా ఇవ్వను. "మేడమీద కట్టేస్తామండీ, కాపలాకి" అన్నవాళ్లకు కూన లేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేసరికి మెట్ల కింద పెట్టె ఖాళీ అవుతుంది. తల్లి రెండు మూడు రోజులు వెతుకుతుంది, మీ చెయ్యి వాసన చూస్తుంది. పాలు పూర్తిగా ఎండాక, అంటే ఇంకో నెలా నెలన్నరకు, దాన్ని ఆపరేషన్‌కు తీసుకెళ్లండి. మత్తు దిగి ఇంటికొచ్చాక చెవి చివర కత్తిరించి ఉంటే గాయమని కంగారు పడొద్దు, ఆపరేషన్ అయిందని అదే గుర్తు. ఆలోపు మళ్లీ చిత్తకార్తె రానివ్వకండి.